జెడ్ ఉన్న మాట

ఆర్టీసీ బండి ఏదైనా సరే
నంబరుల జెడ్ ఉంటది.
ఏపీ ముప్పై ఆరు, జెడ్, ఆ తర్వాత నాలుగంకెలు.
నాకు ఏడేండ్లప్పుడు తెలిసిందిది
హన్మకొండ బస్టాండుల
పరకాల బండి రివర్సు కొడుతుంటే.

మా అమ్మ సరోజన, కండక్టరు.
పదో తరగతి పాసు, ఇంగ్లీషుల మాత్రం ముప్పై అయిదే.
బడి లేనినాడు నన్ను డ్రైవరు వెనక సీట్ల కూచోబెట్టి
అల్లరి చెయ్యకుంట ఒక పని అప్పజెప్పేది:
"జెడ్ ఉన్న మాట చెప్పు. పది అక్షరాలు దాటాలె.
దాటితే పల్లీపట్టి."

నా ఒళ్లె అట్ట ఊడిన డిక్షనరీ.
ఎవరో సీటు కింద మరిచి దిగిపోయింది,
ఆర్నెల్లు డిపోల ఉంచినా
ఎవరూ నాది అని రానిది.
జెడ్ పేజీలు ఆఖరున మూడే. అవీ చెదలు తిన్నయి.
ఆ మూడింట్ల పొడుగు మాటలు లేవని
రెండు ట్రిప్పులకే అర్థమైంది.
జెడ్ ముందు సీట్ల కూచోదు.
పొడుగు మాటల నడుమ
జాతర రష్షుల ఇరుక్కున్న మనిషి లెక్క
ఒంటికాలి మీద నిలబడి ఉంటది.
దాన్ని పట్టాలంటే ఏ నుంచి మొదలుపెట్టి
ప్రతి మాటనూ ఆపి టికెట్టు అడగాలె.

బుల్డోజర్ తొమ్మిది దగ్గర్నే ఆగిపోయింది.
ట్రపీజియం కూడ అంతే.
హొరిజాంటల్ సరిగ్గ పది.
"దాటాలె అన్న గదా" అని సగం పట్టి విరిచిచ్చింది.
ఆర్గనైజేషన్ పన్నెండు.
క్రిస్టలైజేషన్ పదిహేను! ఆనాడు గూడెప్పాడు క్రాసుల
డ్రైవరన్నకు సుత మిరపకాయ బజ్జీలు.

అమ్మకు స్పెల్లింగు మీద నమ్మకం లేదు,
లెక్క మీదనే నమ్మకం.
నేను ఒక్కో అక్షరం పలుకుతుంటే
పనికిరాని టికెట్టు మీద పంచి కొట్టేది,
టక్కు, టక్కు, టక్కు.
జెడ్ వచ్చినప్పుడు మాత్రం చిల్లు కాదు,
అంచు మీద చిన్న గాటు.

వీరస్వామి సారు ఎర్రపెన్నుతోటి కొట్టేసిండు.
"మన దగ్గర ఎస్ రాస్తరు. జెడ్ అమెరికోళ్లది."
అమ్మ డ్యూటీ దిగి, క్యాష్ కట్టి, ఇంటికొచ్చి
నా నోట్సు చూసి
"సారు రోజూ ఎక్కే బండికి ఏమున్నదో చూడమను" అన్నది.

ఇరవై అక్షరాల మాట కూడ ఒకటి దొరికింది.
తెలుగుల రాసి చూసిన,
ఎనిమిదింటికో తొమ్మిదింటికో కుదించుకపోయింది.
జెడ్‌కు మన దగ్గర సొంతిల్లు లేదు,
జ ఇంట్ల కిరాయికి ఉంటది.

ఒకనాడు డిపో గేటుకు ఎర్రగుడ్డ కట్టిండ్రు.
ముందు నో అని ఉన్నది, దాని పక్కన పెద్ద మాట.
డిక్షనరీ తియ్యకుంటనే ఎంచిన: పదమూడు!
నడుమల జెడ్, నా అంత ఎత్తు.
ఉరికి పోయి అమ్మ ముందు నిలబడి
పీ, ఆర్, ఐ, వీ అని మొదలుపెట్టిన.
పంచి చేతులనే ఉన్నది.
టక్కుమనలేదు.
నేను చివరి ఎన్ దాకా చెప్పిన.
"అది లెక్కకు రాదు బిడ్డా."
పల్లీపట్టి మాత్రం కొనిచ్చింది, నిండుది.
గెలిచిన్నో ఓడిన్నో తెల్వకనే తిన్న.

ఆ ఎండాకాలం మా రూట్ల కొత్త బండ్లు వచ్చినయి.
అదే రంగు, అదే బోర్డు, అదే హారను.
నంబరు ప్లేటు దగ్గర వంగి చూసిన.
జెడ్ లేదు.
అద్దెబండ్లు అన్నరు.

పంచి పోయింది, మిషను వచ్చింది.
అమ్మ మోకాళ్లు పోయినయి, కుర్చీ వచ్చింది.
మొన్న డిక్షనరీ ఇప్పితే
ఐ పేజీల ఒక హాఫ్ టికెట్టు.
కిటికీకి అడ్డం పెట్టిన.
అమ్మ అద్దాలు సర్దుకుని, వేలుతోటి తడుముకుంట ఎంచింది.
పద్నాలుగు చిల్లుల తర్వాత గాటు,
గాటు తర్వాత అయిదు.

"ఏం మాటనో యాదికి లేదు" అన్నది.
"జెడ్ మాత్రం ఈడ్నే ఎక్కింది."